రాయబారం కొత్త రికార్డింగు: మాట ఎందుకు అందడం లేదు? హార్మణి, కీబోర్డు, మిక్సింగు మీద చర్చ

కోవూరు శ్రోత:
మన రెండు జిల్లాల నటులు కలిసి కృష్ణ రాయబారం పద్యనాటకంలో పడక సీను, రాయబారం సీను మళ్ళీ ఎత్తారు. అదే తారాగణంతో స్టూడియోలో రికార్డు చేసి నెట్‌లో పెట్టారు. రెండు గంటల పైన ఉంది, వినని వాళ్ళు ముందు విని రండి. పాత్రధారణ సంగతి వేరే చోట మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇక్కడ ధ్వని, వాద్యాల కూర్పు వరకే ఉంచుదాం.

కృష్ణుడి వేషం ముగ్గురు పంచుకున్నారు, ముగ్గురివీ మంచి గాత్రాలు. దుర్యోధనుడు ఇంకా బాగున్నాడు. అయినా నాలుగు పద్యాలు అయ్యేసరికి చెవికి అలుపొస్తా ఉంది, మాట సగం అందడం లేదు. తిరునాళ్ళలో హారన్ స్పీకర్లలో కూడా అందే పద్యం స్టూడియోలో చేసిన దాంట్లో ఎందుకు అందడం లేదు? వాద్యాలు ఇవీ: కాలి హార్మణి, తబలా, వయొలిన్, క్లారినెట్, కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్). ఏ పద్యంలో ఏ చోట ఏం జరిగిందో పట్టి చెప్పండి. ఆ నాటక సమాజం వాళ్ళు మిగతా సీన్లు కూడా రికార్డు చెయ్యబోతున్నారు, మన మాట వాళ్ళకి పనికిరావాలి.

ఒంగోలు హార్మణి:
అలుపుకి మొదటి కారణం శృతి. హార్మణీ కీబోర్డూ ఒక శృతిలో లేవు. పడక సీను మొదట్లో హార్మణి షడ్జం ఒక్కటే నిలబెట్టారు, కాసేపటికి కీబోర్డు స్ట్రింగ్స్ దాని మీదికొచ్చి చేరింది. అక్కడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. స్వరం ఉబ్బుతా తగ్గుతా ఉంటుంది. కీబోర్డు ఆరు మెట్టుని (ఇంగ్లీషు A స్వరం, శృతిని మనం ఇలా మెట్టు అంకెతోనే చెప్తాం) 440 హెర్ట్జ్‌కి కట్టి అమ్ముతారు. పెట్టెలో, అంటే హార్మణిలో, అదే మెట్టు 442 పలికిందనుకోండి, సెకనుకి రెండు అలలు లేస్తాయి. పై స్థాయిలో అవే నాలుగవుతాయి. పాడేవాడు ఏ షడ్జానికి ఒదగాలో తేలక మధ్యలో నిలబడతాడు, వినేవాడికేమో గొంతు శృతి తప్పినట్టు అనిపిస్తుంది. తప్పు గొంతుది కాదు.

మందు చాలా చిన్నది. రికార్డింగు రోజున పెట్టె జోలికి పోకుండా కీబోర్డుని మార్చుకోవాలి. హార్మణిలో ఒక్క వరస రీడ్లే (గాలికి అదిరి పలికే ఇత్తడి రేకులు) తెరిచి, మధ్య స్థాయి ఆరు మెట్టు నొక్కి, పద్యానికి తొక్కే బలంతోనే తిత్తి తొక్కుతా ఫోన్లో ట్యూనర్ చూడాలి. బలం ఎందుకంటే తిత్తి గట్టిగా తొక్కితే రీడు కొంచెం దిగుతుంది. నెమ్మదిగా తొక్కి కొలిస్తే ఆ కొలత పద్యం దగ్గర పనికిరాదు. వచ్చిన సంఖ్యని కీబోర్డు మెనూలో ట్యూనింగ్ దగ్గర ఎక్కించాలి. ట్రాన్స్‌పోజ్ మీట దీనికి కాదు, అది అర మెట్టు చొప్పునే జరుగుతుంది.

ఇంకోటి, పెట్టెలో రెండు వరసల రీడ్లే తమలో తాము కలవడం లేదు. మంద్రంలో బాగుంది, పైకి పోయేకొద్దీ వణుకు తెలుస్తా ఉంది. ఈ తీరం గాలికి ఇత్తడి రీడు చిలుం పట్టి శృతి జారడం మామూలే. రీడు కొస దగ్గర గీకితే స్వరం ఎక్కుతుంది, మొదలు దగ్గర గీకితే దిగుతుంది. గీకిన రీడు ఒకటి రెండు రోజులు వాయించాకే కుదురుతుంది కాబట్టి ఈ పని వారం ముందే కావాలి. స్టూడియోలో కూర్చుని చేసేది కాదు.

చీమకుర్తి మిక్సింగు:
మాస్టారు చెప్పిన అలలు నాకూ వినిపించాయి. నేను మిక్సింగు వైపు నుంచి చెప్తాను. మూడు పొరపాట్లు ఉన్నాయి, మూడూ సరిచేయదగ్గవే.

ఒకటి, గొంతు మీద రివెర్బ్ (గది మోత) తోక రెండున్నర సెకన్లకి తగ్గదు. పద్యంలో ఒక పాదం అయ్యి ఇంకో పాదం ఎత్తుకునే మధ్య అంత వ్యవధే ఉండదు. ముందు పాదం చివరి అక్షరం తర్వాతి పాదం మొదటి అక్షరం మీద పడి రెండూ నలుగుతున్నాయి. పద్యం నడిచేటప్పుడు తోక ఒక సెకను, మహా అయితే 1.2 చాలు. ప్రీ-డిలే (మోత మొదలయ్యే ముందు ఆలస్యం) 30 నుంచి 40 మిల్లీసెకన్లు పెడితే అక్షరం శుభ్రంగా పలికాకే గది వినిపిస్తుంది. రివెర్బ్‌లోకి పోయే శబ్దంలో 200 హెర్ట్జ్ కింద కోసెయ్యాలి. ఆలాపన దగ్గర ఆటోమేషన్‌తో తోక రెండు సెకన్లకి పెంచుకోవచ్చు. అక్కడ మాట లేదు, అకారమే కదా, అందంగా ఉంటుంది.

రెండు, హార్మణి రీడు శబ్దంలో బలం 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య దట్టంగా ఉంటుంది. తెలుగు హల్లు తెలిసేది 2 నుంచి 5 మధ్య. ఇద్దరూ ఒక చోటే నిలబడ్డారు. మిక్సింగు చేసినవాళ్ళు గొంతు అందడం లేదని హార్మణి మొత్తం ఫేడరు దించేశారు. అందువల్ల హార్మణి దూరం జరిగిందే గాని మాట దగ్గరకి రాలేదు. దించాల్సింది హార్మణిలో రెండున్నర కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల రెండు మూడు డెసిబెల్స్ మాత్రమే, వెడల్పుగా.

మూడు, మాస్టరింగులో గట్టిగా నొక్కేశారు. మీటరు మీద మైనస్ 8, 9 లఫ్స్ (మొత్తం శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) మధ్య ఆడుతోంది. యూట్యూబ్ దాన్ని ఎటూ మైనస్ 14 దరిదాపులకి దించేస్తుంది. శబ్దం పెరిగిన లాభం అక్కడ పోయింది, నొక్కిన నష్టం మాత్రం మిగిలింది. దుర్యోధనుడి కేకకీ, కృష్ణుడి మెత్తటి మాటకీ తేడా లేకుండా పోయింది. రాయబారానికి ప్రాణం ఆ తేడాలోనే ఉంది.

పొదిలి పద్యం:
మాట అందకపోవడానికి వాద్యాల కూర్పులోనే ఇంకో కారణం ఉంది. అందరికీ వచ్చిన పద్యమే తీసుకుందాం, "జెండాపై కపిరాజు". శార్దూలం, యతి పదమూడో అక్షరం మీద. మొదటి పాదంలో "జెం"కి యతి "సితవాజి"లో "జి" దగ్గర పడుతుంది. పాడేవాడు ఆ "జి"ని కొద్దిగా ఒత్తి పలకాలి. ఈయన ఒత్తాడు కూడా. సరిగ్గా అదే క్షణంలో ప్యాడ్స్ మీద పెద్ద దెబ్బ ఒకటి వేశారు, "జి" మాయమైంది. ప్రాస "ండ". నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం చెవిన పడితేనే పద్యం కట్టు తెలుస్తుంది. రెండో పాదం "దండంబుం" దగ్గర క్లారినెట్ ఇంకా ముందు పాదం తోకలోనే ఉంది.

అన్నిటికన్నా బాధ మూడో పాదం చివర. అక్కడ మాట "ఒక్కండున్". "డొ" మూడో పాదంలో, "క్కండున్" నాలుగో పాదంలో పడతాయి. ఆ రెంటి మధ్య ఊపిరి తీయకూడదు, వాద్యం దూరకూడదు. ఈ రికార్డింగులో ప్రతి పాదానికీ కొలిచినట్టు ఒకే నిడివి వాద్యం బిట్టు వేశారు. మూడో పాదం తర్వాత కూడా వేశారు. "మూకం జెండుచున్నప్పుడొ" అని ఆగి, కీబోర్డు బిట్టు, తర్వాత "క్కండున్". అసలు భయపెట్టాల్సిన మాట అదే, ఒక్కడు కూడా నీ మొర వినడని. దాన్ని రెండు ముక్కలు చేశారు. ఛందస్సు తెలిసిన మనిషి ఒకరు రికార్డింగు గదిలో కూర్చుని, కాగితం మీద ఎక్కడ బిట్టు ఉండాలో ఎక్కడ ఉండకూడదో గుర్తులు పెట్టి ఇస్తే పోయేది.

కందుకూరు కీబోర్డు:
పొదిలి గారూ, ఆ బిట్టు తప్పే, ఒప్పుకోవాల్సిందే. అయితే అన్నిటికీ కీబోర్డుని దోషిని చెయ్యకండి. ఒట్టి హార్మణి, తబలాతో రెండు గంటల ఆడియో ఇస్తే కొత్తగా వినేవాళ్ళు పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. స్టేజీ మీద కళ్ళకి కిరీటం ఉంది, తెర ఉంది, లైటు ఉంది. ఆడియోలో అవేవీ లేవు, ఆ ఖాళీ నింపడానికే స్ట్రింగ్స్. శృతి సర్దుకుని, చోటెరిగి వాయిస్తే కీబోర్డు తప్పేముంది?

ఒంగోలు హార్మణి:
చోటెరిగి అన్నారు, అక్కడే ఉంది విషయం. వచనంలో, సీను మారేటప్పుడు, పాత్ర ప్రవేశానికి స్ట్రింగ్స్ వెయ్యండి, బాగుంటుంది. సభ తెర లేచేటప్పుడు ఈ ఆల్బంలో వేసినవి చక్కగా ఉన్నాయి, సందేహం లేదు. పద్యం ఎత్తుకున్నాక మాత్రం చెయ్యి తీసెయ్యాలి.

కారణం చెప్తాను. పద్యానికి తాళం లేదు. పాడేవాడి ఊపిరే లయ. హార్మణి వాయించేవాడు అతని భుజం, మెడ చూసి ఎక్కడ ఆగుతాడో ముందే పసిగట్టి స్వరం అందిస్తాడు. గొంతు కన్నా వెంట్రుకవాసి వెనక నడుస్తాడు. స్ట్రింగ్స్ శబ్దం నెమ్మదిగా లేచి నెమ్మదిగా పడుతుంది, అది వెంట నడవలేదు. నటుడు రిషభం నుంచి గాంధారానికి జారేటప్పటికి కీబోర్డు ఇంకా రిషభం మీదే మూలుగుతా ఉంటుంది. పైగా హార్మణిలోనైనా కీబోర్డులోనైనా అంతర గాంధారం సమాన విభజనది, అంటే స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి కట్టింది. షడ్జానికి సహజంగా ఒదిగే గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). హార్మణి గాంధారం మీద నిలబడకుండా తాకి పోతుంది కాబట్టి చెవికి తగలదు. స్ట్రింగ్స్ దాన్నే పట్టుకుని కూర్చుంటే కళ్యాణి, మోహన పద్యాల్లో గొంతుకీ దానికీ పొత్తు కుదరదు. ఈ ఆల్బంలో మోహన పద్యాలన్నీ అందుకే గరుకుగా ఉన్నాయి.

చీమకుర్తి మిక్సింగు:
మాస్టారూ, మీరన్న "వెంట నడవడం" ఈ రికార్డింగులో లేదు. నాకు అర్థమైనంత వరకు ముందు హార్మణి, తబలా వేసుకుని, వాటి మీద నటుల్ని ఒక్కొక్కరినీ హెడ్‌ఫోన్లలో పాడించారు. పాదం చివర గొంతు ఆగిన చోటికి హార్మణి అందడం లేదు, నటుడే హార్మణి కోసం కాచుకుంటున్నాడు. రాయబారం సీనులో భీష్ముడి పద్యాల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. సినిమా పాటకి ఈ పద్ధతి సరిపోతుంది, క్లిక్ (లయ చెప్పే టిక్కు) ఉంటుంది, తాళం ఉంటుంది. పద్యానికి క్లిక్ పెట్టడమంటే పద్యం గొంతు పిసకడమే.

హార్మణి, నటుడు ఒకే గదిలో, ఎదురెదురుగా, రెండు మీటర్ల దూరంలో కూర్చోవాలి. హార్మణికి రెండు మైకులు: రీడ్ల వైపు నుంచి ఒకటి 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరాన, మెట్ల పైనుంచి ఒకటి. మెట్లకి మరీ దగ్గర పెడితే టకటకలు, తిత్తికి దగ్గర పెడితే బుసబుసలు. గొంతు మైకుని ముందువైపే ఎక్కువ వినే కార్డియాయిడ్‌లో పెట్టి దాని వీపు హార్మణి వైపు తిప్పితే హార్మణి దాంట్లో తక్కువ పడుతుంది. అసలు పడకుండా ఉండదు, పడనివ్వండి. ఒక మైకుకీ దాని మనిషికీ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు దూరంలో రెండో మైకు ఉంటే కలిపినప్పుడు శబ్దం బోలుగా మారదు.

నాటక నటుడికి గొంతు మైకు మింగేటంత దగ్గర పెట్టకూడదు. మామూలు పద్యానికి 30 సెంటీమీటర్లు, కేక పద్యానికి నటుడే 60 దాకా వెనక్కి జరగాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తూ పెద్ద కేక మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ ఉంచితే చాలు. కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచేది) మీద భారం వెయ్యకుండా మనిషి దూరంతోనే సగం పని అయిపోతుంది.

పాత ప్లేట్లు:
శృతి గురించి ఇంకో కోణం. ఈ సమాజం వాళ్ళు పాత గ్రామఫోను ప్లేట్ల నుంచి బాణీలు తీసుకున్నారని వింటుంటేనే తెలుస్తోంది. మంచి పనే. ప్లేటు మీద శృతినీ నడకనీ కూడా ఉన్నదున్నట్టు తీసుకోవడంతో ఇబ్బంది వచ్చింది.

78 అని పిలిచినా ఆ రోజుల్లో అన్ని ప్లేట్లూ కచ్చితంగా నిమిషానికి 78 తిరుగుళ్ళకే కోసినవి కావు. 80కి కోసిన ప్లేటుని ఇప్పుడు 78కి తిప్పితే శృతి 44 సెంట్లు దిగుతుంది, అంటే దాదాపు పావు స్వరం. నాలుగున్నర శృతిలో పాడిన పద్యం నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య వినిపిస్తుంది. నెట్‌లో దొరికే బదిలీల్లో ఇలాంటివి బోలెడు. మన 50 హెర్ట్జ్ కరెంటు కింద స్ట్రోబ్ చుక్కలు (వేగం సరిచూసే గుర్తులు) కదలకుండా నిలబడేది 77.92 దగ్గర. దాంతో తిప్పుడు బల్ల సరిగా ఉందో లేదో తెలుస్తుందే గాని ప్లేటు ఏ వేగంతో కోశారో తెలియదు. అందుకు వెనక మోగే హార్మణిని ఏదో ఒక మెట్టు శృతికి కుదిరే దాకా వేగం సర్ది చూడాలి. గొంతు సహజంగా వినిపించే చోటు కూడా దాదాపు అదే అవుతుంది.

నడక సంగతి. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైన కొద్దిగా పడుతుంది, అంతే. సీస పద్యం, కింద గీతం, ఆలాపన అన్నీ అందులో ఇరికించాలి కాబట్టి తరుముకుంటా పాడారు, ఆలాపన కత్తిరించారు. స్టేజీ మీద అదే నటుడు అంత వేగంగా పాడి ఉండడు. ఇవాళ అలాంటి నిర్బంధం లేదు. ఈ ఆల్బంలో మొదటి కృష్ణుడి పద్యాలు రెండు ప్లేటు వేగంతోనే పరిగెడుతున్నాయి. మూడో కృష్ణుడు మాత్రం తన ఊపిరితో తను పాడాడు, అందుకే ఆయన పద్యాలే ఎక్కువ నిలుస్తున్నాయి.

కావలి తబలా:
తబలా గురించి ఎవరూ ఎత్తలేదు. మొదటి కృష్ణుడి శృతి నాలుగు, రెండో ఆయన ఐదు, మూడో ఆయన నాలుగున్నర. ఇంత ఎత్తు శృతికి దాయాని (తబలా జంటలో కుడి చేతిది) షడ్జానికి లాగితే మూత బిగుసుకుని పలుకు ఎండిపోతుంది, పంచమానికి కట్టుకోవడమే పద్ధతి. నాలుగుకి ఒకటి, నాలుగున్నరకి ఒకటిన్నర, ఐదుకి రెండు. మూడు దాయాలు దగ్గర ఉంటే గోల లేదు. ఇక్కడ ఒక్కదాన్నే సుత్తితో ఎక్కించి దించి వాయించినట్టుంది. రెండో కృష్ణుడి దగ్గర దాయా గట్టిపడి "తా" పొడిగా ఉంది, మూడో ఆయన దగ్గరకొచ్చేసరికి వదులై కొద్దిగా కిందికి పలుకుతోంది.

పద్యం ముగింపు తీర్మానాలు (ముగించే దరువులు) మాత్రం బాగా వేశారు. పద్యం మధ్యలో వేలు కూడా కదపలేదు, ఆ సంయమనానికి మెచ్చుకోవాలి. ప్యాడ్స్ వాయించినవాళ్ళకి అదే సంయమనం ఉంటే బాగుండేది.

ఆత్మకూరు శ్రోత:
నా దగ్గర స్టూడియో స్పీకర్లు లేవు. మామూలు ఫోను, ఇయర్‌ఫోన్లతో ఇవన్నీ ఎట్టా పట్టుకోవాలన్నా?

చీమకుర్తి మిక్సింగు:
బాగానే పట్టుకోవచ్చు తమ్ముడూ. ముందు ఫోను సొంత స్పీకరులో విను. దాంట్లో కింది శబ్దాలు రావు, దాదాపు మోనో. అక్కడ పద్యం మాట నూటికి నూరు అందాలి. పుస్తకం చూడకుండా విని, అందని మాటలు రాసుకో. తర్వాత పుస్తకంతో సరిపోల్చు. అందని మాటలు పాదాల మొదట్లోనే ఎక్కువ ఉంటే రివెర్బ్ తప్పు. ఎక్కడ పడితే అక్కడ హల్లులు పోతే హార్మణి, స్ట్రింగ్స్ కప్పేశాయని అర్థం. శ, ష, స మూడూ ఒకేలా వినిపిస్తే డీ-ఎస్సర్ (స, శల ఈల తగ్గించేది) మోతాదు మించింది. ఈ ఆల్బంలో ద్రౌపది గొంతు మీద అదే జరిగింది, "శ"కీ "స"కీ తేడా పోయింది.

ఆ తర్వాత ఇయర్‌ఫోన్లతో ఒక్క ఆలాపన మాత్రం విను. మాట ఉండదు కాబట్టి చెవి శృతి మీద నిలుస్తుంది. చివరగా శబ్దం బాగా తగ్గించి విను, పక్క గదిలో టీవీ మోగుతున్నంత. అప్పుడు కూడా ముందుకొచ్చేది గొంతే కావాలి. ప్యాడ్స్ దెబ్బలు ముందుకొస్తే తూకం తప్పినట్టే.

ఒకటి గుర్తుపెట్టుకో, వాట్సాప్‌లో చేతులు మారిన ఫైలు విని తీర్పు చెప్పొద్దు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ పైన కోసేస్తారు, తాళాల చప్పుడు నీళ్ళలో మోగినట్టు వస్తుంది. అది మిక్సింగు చేసినవాళ్ళ తప్పు కాదు.

కనిగిరి రంగస్థలం:
వాద్యాల సంఖ్య మీద ఒక మాట. పాత నాటకాన్ని మళ్ళీ ఎత్తేటప్పుడు పాత వాద్యబృందాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టాలా, కొత్తగా కూర్చాలా అన్నది మన ఒక్కరికే వచ్చిన ప్రశ్న కాదు. న్యూయార్క్ బ్రాడ్వేలో 2008లో "సౌత్ పసిఫిక్" అనే పాత సంగీత నాటకం మళ్ళీ ఆడినప్పుడు పాత కూర్పునే, 30 మంది వాద్యకారులతో, పూర్తిగా వాయించారు. 2019లో "ఓక్లహోమా" ఆడినవాళ్ళు కేవలం ఏడుగురితో కొత్త కూర్పు చేశారు. రెండు దారులూ నిలబడ్డాయి, ఎందుకంటే ఎవరి దారిలో వాళ్ళు చివరిదాకా నడిచారు.

మన వాళ్ళు రెండు పడవల మీద కాళ్ళు పెట్టారు. హార్మణి నాటకం పద్ధతిలో, కీబోర్డు సినిమా పద్ధతిలో, ప్యాడ్స్ టీవీ సీరియల్ పద్ధతిలో. ఏదో ఒకటి తేల్చుకోవాలి. నన్నడిగితే హార్మణి, తబలా, వయొలిన్, క్లారినెట్ నాలుగే చాలు. వయొలిన్ ఇందులో ఎంత బాగుందో ఎవరూ అనలేదు. పడక సీనులో "బావా ఎప్పుడు" తర్వాత వయొలిన్ ఒక్కటే ఆలాపనని అందుకుని తిరిగి ఇచ్చిన చోటు వినండి. హార్మణి పలికించలేని గమకం అంతా అక్కడ ఉంది. దాన్ని మిక్సింగులో ఇంకో మూడు డెసిబెల్స్ ముందుకి తెస్తే ఆ పద్యం స్థాయే మారిపోతుంది.

కందుకూరు కీబోర్డు:
వయొలిన్ ముందుకి తేవాలన్న మాటతో నేనూ ఏకీభవిస్తా. స్ట్రింగ్స్ పద్యాల్లోంచి తీసేసి, వచనం కింద, ప్రవేశాలకి మాత్రం ఉంచితే నాకు అభ్యంతరం లేదు. క్లారినెట్ సంగతి కూడా చూడండి. మొదటి సీనులో కిందికి ఉంది, చివరికొచ్చేసరికి పైకి పోయింది.

ఒంగోలు హార్మణి:
అది గది చల్లదనం వల్ల. గాలి గొట్టం వాద్యాలు వేడికి శృతి ఎక్కుతాయి, లెక్క ప్రకారం డిగ్రీకి దాదాపు మూడు సెంట్లు. ఏసీ గదిలోకి తెచ్చి వెంటనే వాయిస్తే కిందికి ఉంటుంది, ఊపిరితో వేడెక్కాక పైకి పోతుంది. హార్మణి రీడు అంతగా కదలదు. పది నిమిషాలు వాయించి వేడెక్కించాకే శృతి కలపాలి. తన వంతు లేనప్పుడు కూడా గొట్టంలోకి ఊపిరి ఊదుతా ఉండాలి. ఏసీని మరీ 20కి దించకుండా 26 దగ్గర ఉంచితే అందరికీ మంచిది, నటుల గొంతులకి కూడా.

పొదిలి పద్యం:
పిచ్ కరెక్షన్ (శృతిని కంప్యూటరుతో దిద్దడం) వాడారా అని నా అనుమానం. రెండో కృష్ణుడి ఆలాపనలో స్వరం జారడం లేదు, మెట్లు మెట్లుగా దిగుతోంది.

చీమకుర్తి మిక్సింగు:
వాడారు. క్రోమాటిక్‌లో పెట్టి వేగం ఎక్కువ ఉంచారు. అలా పెడితే ప్రతి గమకాన్నీ దగ్గరి అర స్వరానికి లాగేస్తుంది. హిందుస్తానీ కాపీలో, తోడిలో అది ఘోరం, ఆ రాగాల ప్రాణం మెట్ల మధ్యే ఉంటుంది. ఆయనకి అసలు అవసరమే లేదు, బాగా పాడగల మనిషి. కీబోర్డు శృతి తేడా వల్ల గొంతు తప్పినట్టు అనిపించి దిద్దారనుకుంటా. ఒక తప్పుని దిద్దబోయి ఇంకోటి చేశారు. తప్పనిసరైతే చేత్తో, నిలిచిన స్వరం ఒక్కటే, సగం దాకా సర్దాలి. జారుళ్ళ జోలికి పోకూడదు.

పాత ప్లేట్లు:
ప్రార్థన ట్రాకు గురించి కూడా రాయండి. "పరబ్రహ్మ పరమేశ్వర" తారాగణమంతా కలిసి పాడారు గాని, ఒక్కొక్కరినీ విడిగా పాడించి పేర్చినట్టుంది. పదిమంది ఒక గదిలో నిలబడి రెండే మైకుల ముందు పాడితే వచ్చే నిండుదనం లేదు. నాటకం మొదలయ్యేది దానితోనే.

ఇంకోటి, ట్రాకుల మధ్య ఖాళీ. మొదటి కృష్ణుడు నాలుగులో ముగించిన మరుక్షణం రెండో కృష్ణుడు ఐదులో ఎత్తుకుంటే చెవి ఉలిక్కిపడుతుంది. స్టేజీ మీద మధ్యలో తెర, విరామం ఉంటాయి. ఆడియోలో ఆ చోట అర నిమిషం ప్రవేశ సంగీతం కొత్త శృతిలో వాయిస్తే చెవి సర్దుకుంటుంది. కీబోర్డు అన్నకి కావాల్సిన చోటు అదే.

కందుకూరు కీబోర్డు:
ఆ అర నిమిషం నాకు వదిలెయ్యండి.

కోవూరు శ్రోత:
సమాజం వాళ్ళతో మాట్లాడాను. ట్రాకులు విడివిడిగానే ఉన్నాయట, మళ్ళీ మిక్సింగు చెయ్యడానికి అభ్యంతరం లేదన్నారు. ఏం అడగమంటారు?

చీమకుర్తి మిక్సింగు:
ముందు మొత్తం వద్దు, "జెండాపై" ఒక్క పద్యం ట్రాకులు తెప్పించండి. ప్రతి వాద్యం విడిగా, 24 బిట్ వేవ్ ఫైళ్ళు, అన్నీ ఒకే సున్నా నుంచి మొదలవ్వాలి. రివెర్బ్, కంప్రెసర్, పిచ్ కరెక్షన్ ఏవీ లేని గొంతు కావాలి. దిద్దక ముందు టేకు దాచి ఉంచారో లేదో గట్టిగా అడగండి, అది పోయి ఉంటే రెండో కృష్ణుడి ఆలాపనలు మళ్ళీ పాడించాల్సిందే. స్ట్రింగ్స్‌కి మిడి ఫైలు (ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో ఉండే ఫైలు) ఉంటే ఇంకా మంచిది, హార్మణి శృతికి సర్ది కొత్తగా పలికించుకోవచ్చు. మిడి లేకపోతే ఆడియోనే నాలుగు నుంచి పన్నెండు సెంట్ల దాకా జరిపి హార్మణితో కుదిరే చోటు చూస్తాను, అంత చిన్న జరుపుడుకి శబ్దం చెడదు.

మూడో పాదం చివరి బిట్టు తీసేస్తే "డొ", "క్కండున్" కలవాలంటే గొంతు ట్రాకులో ఆ రెంటి మధ్య ఊపిరి తీసుకుని ఉండకూడదు. తీసుకుని ఉంటే అతికించినా అతుకు తెలుస్తుంది, ఆ ఒక్క చోటికి ఆయన మళ్ళీ రావాలి. వచ్చేటట్టయితే ఒంగోలు మాస్టారుని ఎదురుగా పెట్టెతో కూర్చోబెట్టి పద్యం మొత్తం ఒకే ఊపులో పాడించేద్దాం, ముక్క కోసం పిలవొద్దు.

ఒంగోలు హార్మణి:
నేను వస్తాను. ఆయన శృతి, ఆ రోజు పెట్టె ఆరు మెట్టు ఎంత పలికిందో రెండూ కనుక్కుని చెప్పండి, నా పెట్టె దానికి సర్దుకుని తెస్తాను.